గుంట అడుగు నల్లమట్టి

మా అమ్మ నన్ను మూడేళ్లపాటు శనివారం సాయంత్రాలు పెరటి దారిలోనే ఇంట్లోకి రానిచ్చింది. ఎమ్మిగనూరు బస్టాండులో దిగి మా సందు మలుపు తిరిగేసరికే నేను వస్తున్నట్టు తెలిసిపోతుందని అనేది. పెరట్లో బకెట్టు నిండా నీళ్లు, తీగ మీద ఉతికిన చీర, బండ మీద సీకాయ పొడి తయారుగా ఉండేవి. స్నానం చేసి, విడిచిన బట్టలు నేనే పిండి ఆరేశాక గానీ వంటింటి గడప దాటనిచ్చేది కాదు. నా ఒంటి మీద వచ్చేది కుళ్లిన కోడిగుడ్డు వాసన. మా ఇంట్లో కోడిగుడ్డు ఏనాడూ అడుగు పెట్టలేదు కాబట్టి ఆ మాట ఆమెకు చెప్పి లాభం లేదు. దీపావళి మర్నాడు వీధి వాసన అని ఆమే ఒక పేరు పెట్టుకుంది. అది కూడా తప్పేమీ కాదు, రెండింట్లోనూ ఉన్నది గంధకమే.

నేను ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెబుతాను. పొద్దున ఎమ్మిగనూరు నుంచి బస్సులో పోయి సాయంత్రం తిరిగి వస్తాను. మా నాన్న మంత్రాలయం దగ్గర ఒక గుడిలో పూజ చేసేవారు. మడి, ఆచారం మధ్య పెరిగినదాన్ని, పేడలోనూ మురుగులోనూ ఏముందో వెతుక్కుంటూ బతుకుతున్నానని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. నాకు కోపం ఎక్కువ. పిల్లలు చాటుగా నన్ను ఏమని పిలుస్తారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. తొందర కూడా ఎక్కువే. కోపం వల్ల ఇంతవరకు ఎవరికీ పెద్దగా నష్టం జరగలేదు. తొందర వల్ల జరిగింది.

ఒకరోజు కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌కూ ఒక ఆడమనిషికీ గొడవ జరుగుతోంది. ఆమెకు యాభై దాటి ఉంటాయి. చేతిలో కూల్‌డ్రింకు సీసా, అందులో ఎర్రటి నీళ్లు. ఏదో మందు అమ్ముకోడానికి వచ్చిందనుకుని వాచ్‌మన్ ఆమెను లోపలికి పోనివ్వడం లేదు. నేను వాచ్‌మన్‌ను కేకలేసి ఆమెను ల్యాబుకు తీసుకుపోయాను. అవి తన బావినీళ్లని, ఆదోనిలో నీళ్లు పరీక్ష చేసే కాలేజీ ఉందని ఎవరో చెబితే వచ్చానని అంది. నేను పీహెచ్ కాగితం ముక్క ఒకటి చించి అందులో ముంచాను. చిన్న పుస్తకంలా కుట్టిన పసుపు కాగితం ముక్కలవి. నీళ్లు పులుపైతే ఎరుపెక్కుతాయి, మామూలు నీళ్లయితే ఆకుపచ్చకు తిరుగుతాయి. కాగితం క్షణంలో ఎర్రగా అయింది. ఆమె దాన్ని చూసి, తనకు తెలిసిందే అన్నట్టు తలూపింది.

ఆమె ఊరు హాలహర్వి వైపు పోయే దారిలో ఉంది. పేరు రాయను. రాయొద్దని ఊరివాళ్లే అడిగారు. పేరు బయటపడితే ఆదోని మార్కెట్లో వాళ్ల మిరపకాయ ఎవరూ ముట్టరని వాళ్ల భయం, న్యాయమైన భయమే. ఆ ఊరి పక్కన, నేను పుట్టకముందు, ఎవరో బంగారం కోసం తవ్వి చూశారు. దొరికింది వాళ్లకు చాలలేదేమో, పిండి చేసిన రాయిని ఒక గుట్టగా పోసి వెళ్లిపోయారు. ఊళ్లో దాన్ని పసుపుగుట్ట అంటారు. దాని మీద గడ్డిపోచ కూడా మొలవదు. వాన కురిసినప్పుడల్లా దాని అడుగు నుంచి తుప్పు రంగు నీళ్లు ఊరి, ఒక వంక, అంటే చిన్న వాగు, వెంట కింది పొలాల్లోకి దిగుతాయి. మేకలు ఆ వంకను దాటుతాయి గానీ మూతి పెట్టవు.

గుట్ట కింద మొదటి పొలం ఆమెది. వాళ్ల అత్తకు పట్టాగా వచ్చిన రెండెకరాలు. మొగుడు ఆదోనిలో పత్తి మార్కెట్లో హమాలీ, ఆదివారం చర్చి వేళకు ఇంటికొస్తాడు. మిగతా రోజులు ఆమె కూలికి పోయి, మిగిలిన పొద్దులో తన పొలం చూసుకుంటుంది. పొలంలో బావి ఉంది. అత్తామామలు ఇద్దరే గడ్డపారలతో తవ్విన బావి అది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ నీళ్లే తాగామని, కొబ్బరినీళ్ల మాదిరి ఉండేవని చెప్పింది. తర్వాత ఏడాదికింత పుల్లబడ్డాయి. ఇప్పుడు ఆ నీళ్లతో పప్పు ఉడకదు, బట్ట తెల్లబడదు, మిరపనారు వేరు నల్లబడి చస్తుంది. పొలానికి పోయేటప్పుడల్లా ఊరి కొళాయి నుంచి కుండతో తాగే నీళ్లు మోసుకుపోతుంది.

ఆమె అడిగింది ఒక్కటే. "నా బాయినీళ్లు నేను మళ్ల తాగాల. అయితాదా కాదా సెప్పండి మేడమ్."

చేసి చూద్దాం అన్నాను. ఆ మాట వరకు నాది తప్పేమీ లేదు.

మరుసటి శనివారం పొలం చూడ్డానికి వెళ్లాను. మే నెల ఎండ. ఆమె చెట్టు కింద కుండ మీది మూత తీసి, గ్లాసుతో నీళ్లు ముంచి ఇవ్వబోయింది. నేను సంచిలోంచి నా సీసా తీసి చూపించాను. ఎక్కడికి పోయినా ఇంటి నీళ్లు పట్టుకుపోవడం చిన్నప్పటి నుంచి మా అమ్మ నేర్పిన అలవాటు. ఆ అలవాటుకు వెనక ఏముందో నాకు తెలియదని చెప్పను. ఆమె గ్లాసులోని నీళ్లు తానే తాగేసింది. తర్వాత ఏళ్ల తరబడి నన్ను ఇంకెప్పుడూ నీళ్లు కావాలా అని అడగలేదు.

పని సంగతి చెబుతాను. గాలి ఆడని బురదలో బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. వాటిని ఎక్కడి నుంచో తెప్పించక్కర్లేదు. వరిమడి అడుగున నల్లగా కంపుకొట్టే మట్టి ఉంటుంది చూడండి, అందులో కోట్లలో ఉంటాయి. తినడానికి పేడ, పొట్టు లాంటివి పెట్టి, గాలి తగలకుండా నీళ్లు కప్పి ఉంచితే, అవి పుల్లటి నీళ్లలోని గంధకాన్ని మారుస్తాయి. ఆ మారిన గంధకం నీళ్లలో కరిగి ఉన్న రాగినీ జింకునూ ఇనుమునూ పట్టుకుని నల్లటి మడ్డిగా అడుగుకు దించుతుంది. పైన నీళ్లు తేటపడతాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతున్నట్టు లెక్క.

గుట్టకూ ఆమె పొలానికీ మధ్య వంకను ఆపి, ఇల్లంత గుంట తవ్వారు. తవ్వింది ఊరివాళ్లే. ఆమె మరిదికి ట్రాక్టర్ ఉంది. ఆదోనిలో బండలు కోసే చోట పారేసిన నాపరాయి ముక్కలు రెండు ట్రిప్పులు తెచ్చాడు. నాపరాయి పులుపును విరుస్తుంది. నూనె మిల్లు నుంచి వేరుశెనగ పొట్టు, మా వైపు బుడ్డల పొట్టంటారు, తెచ్చాడు. పేడ ఊళ్లో ఇంటికి రెండు తట్టలు వేశారు. ఇక కౌతాళం వెళ్లి, కాలవ కింద వరిమడిలో మోకాటి లోతు దిగి, యూరియా సంచుల్లో నల్లబురద నింపుకొచ్చింది నేనూ ఆమే. ఆ మడి రైతు గట్టు మీద నిలబడి, మంచి మట్టి వదిలేసి ఈ కంపు బురద ఎందుకు ఎత్తుకుపోతున్నారని కన్నడంలో తన పెళ్లాన్ని అడిగాడు. నాకు కన్నడం వస్తుందని అతనికి తెలియదు. మాకు పిచ్చి అని ఆవిడ జవాబు చెప్పింది. ఆ బురదను గుంటలో వేస్తుంటే, పాలకు తోడు వేసినట్టా అని ఆమె అడిగింది. అంతకంటే బాగా నేను చెప్పలేను కాబట్టి అవునన్నాను.

నాలుగో వారానికి వాసన లేచింది. గుంట గట్టు మీద నిలబడి నేను ముక్కు నిండా పీల్చి నవ్వుతుంటే ఆమె నన్ను వింతగా చూసింది. నాకు ఆ రోజు నిజంగా గర్వంగా ఉంది. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పినది, నా కళ్ల ముందు, నా ముక్కుకు తెలిసేలా జరుగుతోంది.

ఊరివాళ్లు కూడా వాసన పట్టారు. ఇదేం పని అని గొణుగుడు మొదలైంది. ఒక సాయంత్రం చర్చి ముందర అరుగు మీద అందరూ కూర్చున్నారు, నన్ను చెప్పమన్నారు. నేను రాగి, జింకు, గంధకం అంటూ మొదలుపెట్టాను. పది నిమిషాలకు ముందు వరుసలో ముసలాయన కునికిపాట్లు పడుతున్నాడు. నా ఆఖరి బస్సుకు అరగంట ఉంది. అప్పుడు మరిది, ట్రాక్టర్ నడిపే ఆయన, అసలు ప్రశ్న అడిగాడు. నీళ్లల్లో ఉన్న విషం యాడికి పోతాది అన్నాడు.

దానికి నిజమైన జవాబు చెప్పాలంటే ఇంకో పావుగంట పడుతుంది. నేను వాచీ చూసుకున్నాను. "కంటికి కనపడని పురుగులు ఉంటాయన్నా అందులో. అవి విషాన్ని తినేస్తాయి" అన్నాను.

ఆ మాట అందరికీ నచ్చింది. ముసలాయన కూడా లేచి కూర్చున్నాడు. పురుగులు విషం తింటాయంట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నాకైతే వాళ్లకంటే ఎక్కువ నచ్చింది. తర్వాత చూడ్డానికి ఎవరొచ్చినా, మా కాలేజీ వాళ్లొచ్చినా, పక్క ఊరి వాళ్లొచ్చినా, అదే మాట చెప్పాను. చెప్పిన కొద్దీ ఆ మాట నునుపెక్కింది. అది అబద్ధమని నాకు తెలుసు. సూక్ష్మజీవులు రాగినీ జింకునూ తినవు, తిని మాయం చేయవు. పట్టి అడుగున కూర్చోబెడతాయి, అంతే. పిల్లల పరీక్ష పేపర్లో ఎవరైనా అలా రాస్తే నేను సున్నా వేసేదాన్ని.

పీహెచ్ కాగితాల పుస్తకం ఒకటి ఆమెకు ఇచ్చాను. దాన్ని బైబిలులో పెట్టి దాచుకుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక పొలానికి పోయి, బావినీళ్లలో ఒక ముక్క ముంచి, ఆరాక గోడకున్న చర్చి క్యాలెండరు మీద ఆ ఆదివారం గడిలో అన్నం మెతుకుతో అంటించేది. నేను చెప్పలేదు, తానే అలా మొదలుపెట్టింది. మొదట అన్నీ ఎరుపు. ఏడాది తిరిగేసరికి నారింజ రంగు. రెండో ఏడు సగానికి పసుపు. నేను వెళ్లినప్పుడల్లా ముందు గోడ దగ్గరికి తీసుకుపోయి చూపించేది, తర్వాతే గుంట దగ్గరికి. మా పిల్లల ప్రాక్టికల్ రికార్డుల్లో అంత శ్రద్ధ నేను చూడలేదు. రెండో ఏడు చలికాలంలో ఆ బావినీళ్లతో ఒక మూల మిరప పెట్టింది, నారు చావలేదు. తాగడానికి ఇంకా తొందరపడొద్దన్నాను. సరేనంది. ఆ రెండేళ్లూ నేను చెప్పిన ప్రతి మాటా ఆమె విన్నది.

మూడో ఏడు ఎండాకాలంలో నన్ను పేపర్లు దిద్దడానికి కర్నూలుకు వేశారు. ఐదు వారాలు ఊరివైపు పోలేకపోయాను. తిరిగొచ్చిన మొదటి శనివారం బస్సు దిగి నడుస్తుంటే ఏదో తేడా అనిపించింది. కాసేపటికి తెలిసింది. వాసన లేదు.

గుంట ఖాళీగా ఉంది. అడుగున నాపరాయి ముక్కలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. పొట్టు లేదు, పేడ లేదు, నల్లబురద లేదు. గట్టు మీద ట్రాక్టర్ చక్రాల గాడి ఆమె పొలం వైపు పోయింది. పొలం చూశాను. రెండెకరాల్లో ముప్పాతిక భాగం మీద నల్లమట్టి కుప్పలు పోసి, పారతో సమంగా చిమ్మి ఉంది. ఎండిన చోట అంచులు అప్పుడే పసుపుకు తిరుగుతున్నాయి. ఆ పసుపు నాకు తెలిసిన పసుపే, గుట్ట మీదిది.

మా సీమలో ఎండాకాలం చెరువులు ఎండగానే అడుగు మట్టి తవ్వి పొలాలకు తోలుకుంటారు. ఎర్రనేలకు ఆ నల్లమట్టి పడితే మూడేళ్ల వరకు ఎరువు అక్కర్లేదని నమ్మకం, అది నిజమే కూడా. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. నీళ్లు తగ్గాయంటే పార పట్టుకుని దిగుతారు. ఈ గుంటలో అయితే ఇంటింటి పేడ, బుడ్డల పొట్టు, కౌతాళం వరిమట్టి మూడేళ్లు మాగి ఉన్నాయి. అంతకంటే మంచి మట్టి ఆ చుట్టుపక్కల ఏ చెరువులోనూ ఉండదు. పొలం గుంట పక్కనే ఉంది కాబట్టి మొదటి హక్కు నీదేనని ఊరంతా కలిసి ఆమెకే వదిలేశారట. మంచి మనసుతో చేసిన పని.

నేను ఆమె మీద కేకలేశాను. ఏమన్నానో అన్నీ గుర్తు లేవు. ఎవర్నడిగి తీశారు, మూడేళ్ల పని నాశనం చేశారు, ఒక్క ఫోన్ చేయడానికి ఏమైంది, బుద్ధి ఉందా అన్నాను. అక్కా అని పిలిచే మనిషిని అంతమాట అన్నాను. మరిది ట్రాక్టర్ దిగి వస్తే అతన్నీ అన్నాను. ఆమె పారను నేల మీద పెట్టి, నేను ఆగేదాకా నిలబడింది.

"పురుగులు ఇసాన్ని తినేసినాయని మీరే సెప్పినారు కద మేడమ్" అంది. "తినేసినాక ఇంగ మట్టే కదా ఉండేది."

ఆమె నన్ను తప్పు పట్టడానికి అనలేదు. నిజంగా అడిగింది. తనకు ఎక్కడ పొరపాటు జరిగిందో తెలుసుకోవాలని అడిగింది. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. నాకు సిగ్గేసింది. అంతకుముందెప్పుడూ ఏ క్లాసులోనూ అంత సిగ్గుపడలేదు.

అప్పుడు చెప్పాను, మూడేళ్ల కిందట చెప్పాల్సింది. విషం ఎక్కడికీ పోలేదని, అంతా ఆ నల్లమట్టిలోనే ఉందని, నీళ్ల కింద గాలి తగలకుండా ఉన్నంతకాలం అది కదలదని, ఎండకూ గాలికీ పెడితే మళ్లీ పులిసి వదిలేస్తుందని. వాన పడితే అంతా ఈ పొలంలోకే ఇంకి, బావిలోకే దిగుతుందని. గుట్ట మీదినుంచి ఏళ్ల తరబడి చుక్కచుక్కగా వచ్చింది, ఇప్పుడు ఒక్క వానకు వస్తుందని. తప్పు నీది కాదు అక్కా, నాది అన్నాను. ఆమె పొలం వైపు చూసింది, తర్వాత బావి వైపు చూసింది. వాన ఎప్పుడు పడుతుందో నన్ను అడగలేదు. మృగశిర కార్తె దగ్గర పడిందని నాకంటే ఆమెకే బాగా తెలుసు.

మర్నాటి నుంచి మట్టి ఎత్తడం మొదలుపెట్టాం. ఆమెతో కూలికి పోయే ఆడవాళ్లు పదిమంది ఆ వారం వేరే పనులు మానుకుని వచ్చారు. కలుపు తీసే కొంకులతో పైమట్టి గీకి, తట్టలకెత్తి, ట్రాక్టర్‌కు వేయడం, గుంటలో పోసి నీళ్లు నింపడం. చేతులకు గుడ్డలు చుట్టుకోమని, అన్నం ముందు సబ్బుతో కడుక్కోమని నేను అందరి వెనకా తిరిగి చెప్పాను. ఈసారి కారణం కూడా పూర్తిగా చెప్పాను. నేనూ తట్ట మోశాను. మొదటి రోజు సాయంత్రానికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. వాటిని చూసి అమ్మ ఆ పూట మాత్రం పెరటి దారి గురించి పట్టుబట్టలేదు. రాత్రి అన్నం కలిపి నా నోటికి పెడుతూ జరిగిందంతా విన్నది.

"నువ్వు చిన్నప్పటి నుంచి అంతే. సగం చెప్పి లేచిపోతావు" అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. అప్పటికి పొలంలో చాలావరకు గీకేశాం. బావి పక్కన ఏడెనిమిది సాళ్ల వెడల్పు మిగిలింది. కొంకులు వదిలేసి చేతులతో ఎత్తాం. ఆమె ఎవరి వైపూ చూడకుండా, బావి అంచు నుంచి వెనక్కి వెనక్కి గీకుతూ పోయింది. తట్టలు అందించేవాళ్లు అలిసి ఆగితే తానే పరుగెత్తి అందుకుంది. వాన మా మీద పడ్డాక కూడా కాసేపు ఎత్తింది. తర్వాత ఎత్తడానికి మట్టి లేదు, జారే బురదే. వానలో అందరం ట్రాక్టర్ ట్రాలీ కిందికి చేరాం. ఆ మిగిలిన పట్టీ నుంచి నల్లటి నీళ్లు బావి వైపు సన్నగా పారడం అందరికీ కనబడింది. ఆమె చూస్తూ కూర్చుంది. మామూలుగా మా సీమలో తొలి వానకు ఎవరి ముఖమైనా వెలుగుతుంది.

తర్వాతి ఆదివారం కాగితం ముక్క నారింజ రంగుకు తిరిగింది. ఆ పై ఆదివారం ఇంకా కాస్త ఎర్రబడింది. ఆమె రెండూ క్యాలెండరు మీద అంటించింది. నేను గోడ దగ్గర నిలబడి చూశాను. ఏడాదికి పైగా వచ్చిన పసుపు తర్వాత ఆ రెండు గడులు ఎవరికైనా తెలుస్తాయి.

చర్చి అరుగు మీద మళ్లీ అందరినీ కూర్చోమన్నాను. ఆ రోజు బస్సు చూసుకోలేదు, రాత్రికి ఆదోనిలో స్నేహితురాలి ఇంట్లో ఉంటానని అమ్మకు చెప్పి వచ్చాను. మొదట నేను తప్పు చెప్పానని చెప్పాను. తర్వాత, పురుగులు తినవు, పట్టుకుని కూర్చుంటాయని, మనం లేపకూడదని చెప్పాను. ముసలాయన ఈసారి నిద్రపోలేదు.

"అట్లైతే ఎన్నేండ్లు పట్టుకోని కూసోవాల అవి?" అన్నాడు మరిది.

"గుట్ట ఉన్నన్నాళ్లూ అన్నా" అన్నాను. "ఏటేటా మనం పేడ వెయ్యాలి, నీళ్లు ఎండకుండా చూడాలి. మనం మానేస్తే అవీ మానేస్తాయి. గుట్టను తీసుకుపోయేవాళ్లు ఎవరైనా వస్తే తప్ప ఇది అయిపోయే పని కాదు."

ఎవరికీ ఆ జవాబు నచ్చలేదు. పురుగులు తినేస్తాయన్నప్పుడు ఉన్న సంతోషం ఆ అరుగు మీద లేదు. ఒక్కొక్కరే లేచి వెళ్లారు. మా పని ఇంతటితో సరి అనుకున్నాను. కానీ పై వారం వెళ్లేసరికి గుంట చుట్టూ కంపచెట్ల కొమ్మలు నరికి కంచె వేసి ఉంది. ఎండాకాలం చెరువుమట్టికి పార పట్టినా ఆ కంచె మాత్రం దాటకూడదని ఊళ్లో అనుకున్నారట. ఇప్పుడు ఏటా ఉగాది వెళ్లాక ఇంటికి రెండు తట్టల పేడ ఆ గుంటలో వేస్తారు. నేను గుర్తు చేయక్కర్లేదు.

ఆ ఎండాకాలం గడిచి రెండేళ్లయింది. బావి పక్కన మేము గీకలేకపోయిన పట్టీలో ఇప్పటికీ ఏమీ మొలవదు. ఆమె ప్రతి ఏడూ దాన్ని వదిలేసి చుట్టూ విత్తుతుంది. పెద్ద వెడల్పేమీ కాదు, మంచం వేసుకునేంత. ఆ పక్కనుంచి పోయేటప్పుడు నేను తల తిప్పుకోను. చూడాలనే చూస్తాను.

మొన్న శ్రావణమాసంలో వెళ్లాను. బస్సులన్నీ ఉరుకుంద ఈరన్న స్వామి భక్తులతో కిక్కిరిసి ఉన్నాయి, ఆదోని దాకా నిలబడే వచ్చాను. అక్కడి నుంచి ఇంకో బస్సు. పొలం చేరేసరికి పన్నెండైంది. ఆమె ఎదురొచ్చి, ఇంటికి కాదు నేరుగా బావి దగ్గరికి తీసుకుపోయింది. చేంతాడు వేసి నీళ్లు తోడింది. కాగితం ముంచింది. లేత ఆకుపచ్చ. మూడు ఆదివారాలుగా అదే రంగు వస్తోందని చెప్పింది. ఆమె ముఖంలో ఆ సంతోషం అంతకుముందు నేను చూడలేదు. తర్వాత స్టీలు గ్లాసు తీసి, కొంగుతో తుడిచి, బావినీళ్లు నింపి నా ముందుకు చాపింది.

"మొదుట మీరే తాగాల మేడమ్" అంది.

గ్లాసు అందుకున్నాను. నీళ్లు తేటగా ఉన్నాయి. ఆ క్షణంలో తాగేస్తే అందరికీ బాగుంటుంది. తాగకపోతే ఆమె ఏమనుకుంటుందో నాకు తెలుసు, మొదటి రోజు నా సీసా చూసి అనుకున్నదే అనుకుంటుంది. ఐదేళ్ల తర్వాత కూడా ఈమె అయ్యోరి కూతురే అనుకుంటుంది. కానీ కాగితం చెప్పేది పులుపు గురించి మాత్రమే. ఆర్సెనిక్ ఉందో లేదో, జింకు ఎంత ఉందో కాగితం చెప్పదు. వాటి కోసం నెల కిందట యూనివర్సిటీ ల్యాబుకు పంపిన సీసాల రిపోర్టు ఇంకా రాలేదు.

"తాగను అక్కా" అన్నాను. "నువ్వూ తాగొద్దు. పులుపు పోయింది, అంతవరకే నాకు తెలుసు. మిగతా విషాలు పోయాయో లేదో నాకు తెలియదు. ల్యాబు రిపోర్టు వచ్చేదాకా తెలియదు. అది బాగా రాకపోవచ్చు కూడా."

ఆమె గ్లాసు వెనక్కి తీసుకుంది. ఐదేళ్లుగా ఆ గ్లాసు కోసమే బైబిలులో కాగితాలు దాచుకుంది, పేడ మోసింది, వానలో చేతులతో మట్టి ఎత్తింది. వెళ్లి ఆ నీళ్లను ఏమీ మొలవని ఆ పట్టీ మీద ఒలకబోసి వచ్చింది.

"ఆ పొద్దు గూడా ఇట్లే సెప్పింటే సరిపోతుండె" అంది.

"అవునక్కా" అన్నాను.

ఇద్దరం చెట్టు కిందికి నడిచాం. అక్కడ ఊరి కొళాయి నీళ్లతో తెచ్చుకున్న కుండ ఉంది, మూత మీద బోర్లించిన గ్లాసు. నాకు నిజంగానే గొంతు ఎండిపోయింది. దప్పికగా ఉంది, నీ కుండలోవి కాసిని పొయ్యక్కా అని అడిగాను. ఆమె చటుక్కున నా సంచి వైపు చూసింది. నేను సంచి జిప్పు తీయలేదు. కుండ వంచి గ్లాసు నిండా పోసి ఇచ్చింది. తాగి, ఇంకో గ్లాసు అడిగాను. ఎమ్మిగనూరు నుంచి తెచ్చిన సీసా ఆ రోజు మూత తీయకుండానే తిరిగి ఇంటికి వచ్చింది.